పంకా వెనక దారం

పడవ ఆగలేదు. అలాగని సాగనూ లేదు. కింద మోటారు మూలుగుతోంది, ఒడ్డు మాత్రం దగ్గరవడం లేదు. మినియాపోలిస్‌కు రెండు గంటల దూరంలో, మే నెల చివర్లో, మా మేనల్లుడి పడవలో ఉన్నాం. అక్కడివాళ్లు సరస్సు అంటారు గానీ నా కంటికది చెరువే. "బ్యాటరీ దిగిపోయినట్టుంది మామయ్యా, పాతది కదా" అన్నాడు వాడు. నాకు నమ్మకం కుదరలేదు. బ్యాటరీ దిగితే మూలుగు కూడా దిగాలి. ఇక్కడ మూలుగు పెరిగి వేగం తగ్గింది. నల్లగొండ వైపు బోరు మోటార్ల మధ్య పెరిగిన చెవికి ఆ తేడా తెలుస్తుంది. మోటారు మీద ఏదో లోడు పడుతోంది.

దాన్ని ట్రోలింగ్ మోటారు అంటారు. ఇప్పుడు మనకు ట్రోలింగ్ అంటే ఫోనులో ఎవరినో పట్టుకుని ఏడిపించడం. చేపల వేటలో దానికి వేరే అర్థం ఉంది. ఎర తగిలించిన గాలాన్ని నీళ్లలో వదిలి, పడవను మనిషి నడకంత వేగంతో పోనిస్తూ ఆ గాలాన్ని వెనకే లాక్కుపోవడం ట్రోలింగ్. విశాఖ, కాకినాడ రేవుల్లో కనిపించే ట్రాలర్లు వేరు. అవి సంచిలాంటి పెద్ద వలను ఈడ్చుకుపోయే డీజిలు మరపడవలు. ట్రోలింగుకు అంత బలం అక్కర్లేదు. చేప బెదరకూడదు, పడవ గాలికి కొట్టుకుపోకూడదు, అంతే. మిన్నెసోటాలో పదెకరాలకు తక్కువ కాని సరస్సులే 11,842 ఉన్నాయని లెక్క. ఇలాంటి మోటారు పెరిగిందీ ఆ చుట్టుపక్కలే కావడంలో వింతేమీ లేదు.

కరెంటుతో పడవ నడపడం ఈ మోటారుకంటే చాలా పాతది. 1881లోనే గుస్తావ్ త్రూవే అనే ఫ్రెంచి ఇంజనీరు పారిస్‌లో సెన్ నది మీద తన మోటారు బిగించిన పడవను నడిపి చూపించాడు. కాకపోతే చేపలు పట్టేవాడి చేతికి అలాంటిది రావడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 1934లో నార్త్ డకోటాలోని ఫార్గో పట్టణంలో ఓ.జి. ష్మిట్ ఫోర్డ్ మోడల్-ఎ కారు స్టార్టర్ మోటారు తీసుకుని, దానికి వంగే ఇరుసు, చివర ఒక పంకా తగిలించాడు. ఫార్గోకు ఆనుకుని నది పారుతుంది, అది దాటితే మిన్నెసోటా. ఆ రెండు రాష్ట్రాల పేర్లూ కలిపి తన కంపెనీకి మిన్ కోటా అని పెట్టుకున్నాడు. ఈ కథలో నన్ను ఆపిన ముక్క స్టార్టర్ మోటారు. అది రెండు మూడు సెకన్ల పని కోసం పుట్టిన యంత్రం. ఇంజిను అందుకోగానే దాని పని అయిపోతుంది. వేడెక్కేలోపే విశ్రాంతి దొరుకుతుంది కాబట్టి బతుకుతుంది. అలాంటిదాన్ని గంటల తరబడి, అదీ నీళ్ల పక్కన తిప్పాలనుకున్నారు. ఆ తర్వాత తొంభై ఏళ్లుగా ఈ మోటార్లు చేసేవాళ్లు పోరాడుతున్నది వేడితోనూ నీళ్లతోనూ.

వేడి సంగతి ముందు చూద్దాం. ఈ మోటార్లను హార్స్ పవర్‌తో కొలవరు, పౌన్లలో తోపుడు బలంతో కొలుస్తారు. ఒక 12 వోల్టుల బ్యాటరీతో నడిచేవాటిలో పెద్దది దాదాపు 55 పౌన్లు, అంటే 25 కిలోల బరువును ఎత్తేంత బలంతో తోస్తుంది. పూర్తి వేగంలో అది తాగేది 50 ఆంపియర్లు. 12ను 50తో గుణిస్తే 600 వాట్లు. మన వంటింట్లో మిక్సీ మీద 750 అని రాసి ఉంటుంది. అంటే ముగ్గురు మనుషులున్న పడవను కదిలిస్తున్నది మిక్సీకన్నా చిన్న మోటారు! కానీ మిక్సీని ఐదు నిమిషాలు తిప్పి చెయ్యి పెడితే కాలుతుంది, పచ్చడి అయ్యాక పక్కన పెట్టేస్తాం. దీన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పుతారు. చుట్టూ చల్లటి నీళ్లు ఉండబట్టే అది కాలిపోకుండా ఉంటుంది. గట్టుమీద, గాలిలో దాన్ని తిప్పి చూడొద్దనడానికి కారణం అదే.

దాని ఆయుష్షు పెంచే పద్ధతుల్లో పైసా ఖర్చులేనిది నెమ్మదిగా పోవడం. నీటి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని గెలవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం సగానికి తగ్గిస్తే శక్తి ఎనిమిదో వంతు చాలు. 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ పూర్తి వేగంలో రెండు గంటలు వస్తుంది. సగం వేగంలో, నష్టాలు పక్కన పెట్టి లెక్క కడితే, పదహారు గంటలు రావాలి. ఆ మేరకు మోటారు చుట్టలోని తీగలకూ మేలే. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. చుట్ట వేడి పది డిగ్రీలు పెరిగితే తీగ పూత ఆయువు సగమవుతుందని మోటార్లవాళ్లకు ఒక పాత మోటు లెక్క ఉంది.

అయితే వేగం తగ్గించే పద్ధతిలోనూ తేడాలున్నాయి. మన ఇళ్లలో ఒకప్పుడు ఫ్యానుకు పెద్ద రెగ్యులేటరు పెట్టె ఉండేది, ముట్టుకుంటే వెచ్చగా తగిలేది. ఫ్యాను నెమ్మదించినా మిగిలిన కరెంటు ఆ పెట్టెలో వేడిగా పోయేది. చవక ట్రోలింగ్ మోటార్లలో అయిదు వేగాల మీట వెనక ఉన్నది సరిగ్గా అదే, రెసిస్టెన్సు తీగ చుట్టలు. ఖరీదైనవాటిలో కరెంటును సెకనుకు వేల సార్లు వేసి తీసే ఎలక్ట్రానిక్ పద్ధతి ఉంటుంది. అక్కడ వృథా చాలా తక్కువ.

ఇక నీళ్ల దగ్గరికొస్తే కథ చిక్కబడుతుంది.

మోటారు డొల్లలోంచి ఇరుసు బయటికొచ్చి పంకాను తిప్పాలి. బయటికి రావాలంటే చిల్లు కావాలి. ఆ చిల్లు దగ్గర నీళ్లను ఆపేది ఒక రబ్బరు రింగు. మెకానిక్కులు ఆయిల్ సీలు అంటారు. దాని పెదవి తిరిగే ఇరుసును నిమురుతూ ఉంటుంది. రెండింటి మధ్య వెంట్రుకకన్నా పల్చగా ఆయిలో గ్రీజో నిలుస్తుంది. వందల డాలర్ల యంత్రం లోపల ఉన్న రాగి తీగ, అయస్కాంతాలు, బేరింగులు, అన్నీ ఆ కాస్త రబ్బరు పెదవి దయమీద బతుకుతున్నాయి. అది చినిగిందా, మిగతావన్నీ ఎంత మంచివైనా లాభం లేదు.

దాన్ని చింపేది ఎవరో కాదు, పడవలో కూర్చున్నవాడి గాలపు దారమే. తెగిన నైలాన్ దారమో, ఈ మధ్య అందరూ వాడుతున్న అల్లిక దారమో నీళ్లలో తేలుతూ పంకా దగ్గరికొస్తుంది. పంకా రెక్కల మీద చుట్టుకుంటే కనిపిస్తుంది, తీసేస్తాం. కానీ అది పంకాకూ మోటారు డొల్లకూ మధ్య ఉన్న సందులోకి జారుతుంది. ఇరుసు నిమిషానికి వందలాది చుట్లు తిరుగుతూ దాన్ని రాట్నంలా బిగించి చుట్టుకుంటుంది. చుట్టు మీద చుట్టు పడేకొద్దీ అది పక్కకు ఒత్తుకుంటూ వెళ్లి సీలు పెదవి కిందికి దూరుతుంది. అల్లిక దారం మరీ ప్రమాదం. సన్నగా, జారుడుగా, సాగకుండా ఉంటుంది, రబ్బరు మీద కత్తిలా పనిచేస్తుంది. ఆ రోజే ఏమీ కాదు. మోటారు మామూలుగానే తిరుగుతుంది. బొట్టు బొట్టుగా లోపలికి చేరిన నీళ్లు నెలల తర్వాత తమ పని చూపిస్తాయి. అప్పుడు మనం బ్యాటరీని తిడతాం, కంపెనీని తిడతాం.

మోటారు నీళ్లలో అర మీటరు లోతునే ఉంటుంది కదా, అంత తక్కువ ఒత్తిడికి నీళ్లు లోపలికెలా దూరతాయి? ఇక్కడ ఓ చిన్న లెక్క నాకు బాగా నచ్చింది. పూర్తి వేగంలో తిరిగిన మోటారు లోపలి గాలి 60 డిగ్రీలకు చేరిందనుకుందాం. ఆపేస్తాం. చుట్టూ ఉన్న మే నెల నీళ్లు 15 డిగ్రీలు. వేడికి ఉబ్బిన గాలి కొంత అప్పటికే బయటికి పోయి, మళ్లీ గాలి వచ్చే దారి లేని డొల్లలో ఆ చల్లదనానికి ఒత్తిడి 13 శాతానికి పైగా పడిపోతుంది. అది 1.3 మీటర్లకు పైగా ఎత్తున్న నీటి స్తంభంతో సమానమైన పీల్పు. అంటే లోతు వల్ల పడే ఒత్తిడికి రెండింతలు దాటిన బలంతో మోటారు తనంతట తానే నీళ్లను లోపలికి పీలుస్తుంది. బాగున్న సీలు దీన్ని తట్టుకుంటుంది. దారం కోసిన సీలుకు ఇదే చావు. ఎండలో మాడిన నల్ల మోటారును ఠక్కున నీళ్లలో దింపినా జరిగేది ఇంతే.

ఈ మాట చదివిన మన రైతుకు ఒక సందేహం రావాలి. ఐదారు వందల అడుగుల లోతున బోరులో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారు ఏళ్ల తరబడి ఎలా బతుకుతోంది? మన దగ్గర వాడేవాటిలో చాలావాటికి జవాబు తమాషాగా ఉంటుంది. వాటిలో నీళ్లను ఆపే ప్రయత్నమే అంతగా చేయరు. లోపల ముందే మంచినీళ్లు నింపి దింపుతారు. తీగ మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది, తడిసినా ఫర్వాలేదు. ట్రోలింగ్ మోటారుకు ఆ అదృష్టం లేకపోవడానికి కారణం కార్బన్ బ్రష్షులు. తిరిగే చుట్టకు కరెంటు అందించే ఆ బొగ్గు ముక్కలు రాగి వలయం మీద రాసుకుంటూ సన్నటి పొడి రాలుస్తాయి. ఆ పొడికి కరెంటు పారుతుంది. దానికి నీళ్లు తోడైతే బురద. బురద వెళ్లినచోటల్లా కరెంటు దారి తప్పుతుంది, రాగికి చిలుము పడుతుంది, బ్రష్షు తన గూట్లోనే బిగుసుకుపోతుంది.

మిక్సీ బాగుచేయించిన ప్రతి ఇల్లాలికీ బ్రష్షులు తెలుసు. అరిగితే మార్చుకోవచ్చు, చవక. నిజానికి మంచి ట్రోలింగ్ మోటారులో బ్రష్షులు అరిగి ఆగేదాకా రావడమంటే అది పూర్ణాయువు. చాలా మోటార్లు అంతకు ముందే నీళ్లు తాగి పోతాయి.

2019లో లోరన్స్, గార్మిన్ కంపెనీలు బ్రష్షులు లేని ట్రోలింగ్ మోటార్లు తెచ్చాయి. మన ఇళ్లలో ఇప్పుడు బీఎల్‌డీసీ ఫ్యాన్లని అమ్ముతున్నారే, సూత్రం అదే. అయస్కాంతాలు తిరుగుతాయి, చుట్టలు కదలవు. ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో ఒక చిన్న బోర్డు చూసుకుంటుంది. రాపిడి లేదు, పొడి లేదు, నిప్పురవ్వ లేదు. చప్పుడు తక్కువ, అదే బ్యాటరీ మీద ఎక్కువ సేపు నడుస్తుంది. పైగా కదలని చుట్టలకు ఎపాక్సీ పూసి నీళ్లనే లోపలికి రానివ్వచ్చు. సముద్రంలో దిగే చిన్న రోబోల థ్రస్టర్లు కొన్ని అలా నీళ్లతో నిండే తిరుగుతాయి. అయితే ఇందులో కిటుకు కూడా బీఎల్‌డీసీ ఫ్యాను కొన్నవాళ్లకు తెలిసిందే. పాత ఫ్యాను ఆగితే వీధి చివర వైండింగ్ షాపువాడు కెపాసిటరు మార్చి ఇచ్చేవాడు. కొత్త ఫ్యాను ఆగితే బోర్డు మొత్తం మార్చాలి, అది దొరికితే. మన్నిక పెరిగింది, మరమ్మతు చెయ్యి జారింది. ఊరికి దూరంగా ఉండి తన పడవ తానే బాగుచేసుకునేవాడు ఇంకా బ్రష్షుల మోటారే కావాలంటే నేను వాణ్ణి వెనకబడ్డవాడని అనను.

తీగల దగ్గర జనం చేసే పొదుపు గురించి కూడా చెప్పాలి. పడవ ముక్కు దగ్గర మోటారు, వెనక బ్యాటరీ. పోను రాను పన్నెండు మీటర్ల రాగి తీగ అనుకుందాం. ఇంట్లో మిగిలిన 6 స్క్వేర్ ఎంఎం వైరు వాడితే 50 ఆంపియర్ల దగ్గర 1.7 వోల్టులు దారిలోనే పోతాయి, 86 వాట్లు ఊరికే వేడవుతాయి. 16 స్క్వేర్ ఎంఎం అయితే ఆ నష్టం మూడో వంతుకు కాస్త పైన. 230 వోల్టుల్లో 1.7 ఎవరూ లెక్కచేయరు. పన్నెండులో అది ఏడో వంతు. మన పంపుసెట్లు లో-వోల్టేజీకి కాలిపోతాయి, ఎందుకంటే లోడు తగ్గదు, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఈ అయస్కాంతపు డీసీ మోటారు అలా కాదు, నీరసంగా తిరుగుతుందంతే. కాలేది మోటారు కాదు, తీగ చివర లూజుగా ఉన్న లగ్గు. ప్లగ్గు కరిగిపోయి "మోటారు చెడిపోయింది" అని దుకాణానికి తెచ్చేవాటిలో మోటారు తప్పేమీ ఉండదు.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కారు బ్యాటరీ పెట్టకూడదు, అది కూడా స్టార్టర్ మోటారులాంటి క్షణికావేశపు సరుకే. మన ఇన్వర్టర్ల ట్యూబ్యులర్ బ్యాటరీలా లోతుగా దిగి మళ్లీ నిండేది కావాలి. ఇప్పుడు అందరూ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు మారుతున్నారు, సీసం బ్యాటరీ బరువులో సగం కూడా ఉండదు. ఒక్క మెలిక ఉంది. సీసం బ్యాటరీ వాడుతున్నకొద్దీ వోల్టేజీ తగ్గి మోటారుకు తెలియకుండానే విశ్రాంతినిచ్చేది. లిథియం చివరిదాకా తగ్గదు. అందుకే సీసం బ్యాటరీల కాలంలో రూపొందిన తమ మోటార్లను లిథియంతో ఎక్కువ సేపు 85 శాతం దాటిన వేగంలో నడపొద్దని మిన్ కోటా వాళ్లే చెబుతారు.

యంత్రం మన్నిక తెలుసుకోవాలంటే ప్రకటన కన్నా వారంటీ కాగితం చదవడం మేలు. అదే కంపెనీ మోటారుకు కొన్నేళ్ల వారంటీ ఇస్తుంది, మోటారును పట్టుకునే కాంపోజిట్ కడ్డీకి మాత్రం మొదట కొన్నవాడు ఉన్నంతకాలం పూచీ పడుతుంది. తయారుచేసినవాడికి దేనిమీద ధీమా ఉందో అక్కడ తెలిసిపోతుంది. ఆ కడ్డీకి పని ఎక్కువే. టెక్సస్‌లో లేక్ ఫోర్క్ అనే జలాశయం ఉంది, డాలస్ తెలుగువాళ్లు వారాంతాల్లో వెళ్లే దూరం. 1980లో నీళ్లు నింపినప్పుడు చెట్లు చాలావరకు అలాగే మునిగిపోయాయి. మొద్దుల మధ్య పెద్ద చేపలు, చేపల కోసం పడవలు, పడవల కింద మోటార్లు. స్టీలు కడ్డీ మొద్దుకు తగిలితే వంగి అలాగే ఉండిపోతుంది. కాంపోజిట్ వంగి మళ్లీ నిలబడుతుంది.

ఇంకో విచిత్రం, మోటారు పనిచేసేటప్పటికన్నా పడుకున్నప్పుడు ఎక్కువ దెబ్బలు తింటుంది. పెద్ద ఇంజిను గంటకు వంద కిలోమీటర్లతో అలల మీద ఎగురుతుంటే ముక్కు మీద మడిచి పెట్టిన మోటారు ప్రతి అలకూ ఎగిరిపడుతుంది. కింద ఆనించే దిమ్మె, కట్టేందుకు ఓ పట్టీ ఉండాలి. లేకపోతే బిగింపులు వదులవుతాయి, లోపలి తీగల అతుకులు ఊడతాయి. ఆ సాయంత్రం మోటారు పలకదు. "పొద్దున బాగానే పనిచేసింది" అనే మాట అక్కడే పుడుతుంది.

ఉప్పునీళ్లలో లెక్కే వేరు. అల్యూమినియం డొల్ల, స్టీలు ఇరుసు, మధ్యలో సముద్రపు నీరు, అదే ఒక బ్యాటరీ అయిపోతుంది. అల్యూమినియం కరిగిపోతుంది. దానికి ముందు తను కరిగేందుకు ఒక జింకు ముక్కను తగిలిస్తారు. ఈ ఉపాయం 1824లో హంఫ్రీ డేవీది. బ్రిటిష్ యుద్ధనౌకల అడుగున తాపిన రాగి రేకులను సముద్రపు నీరు తినివేయకుండా ఆయన జింకు, ఇనుప ముక్కలు బిగించాడు. రాగి కరగడం ఆగిపోయింది, కానీ ఓడ అడుగుకు నత్తగుల్లలు విపరీతంగా పట్టాయి. కరుగుతున్న రాగే వాటికి విషంగా ఉండేదని అప్పుడు తెలిసింది. మంచినీటి కోసం చేసిన మోటారును సముద్రానికి తీసుకెళ్లి, రాగానే మంచినీళ్లతో కడిగేశానని తృప్తిపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కడుగు బయటికే అందుతుంది.

కొత్త మోటార్లలో జీపీఎస్ లంగరు ఉంది. బటను నొక్కితే పడవను ఉన్నచోటే నిలుపుతుంది. గాలి వీచినప్పుడల్లా మోటారు తనే అటు తిరిగి, ఇటు తిరిగి తోస్తుంది. మనిషి సుఖపడ్డాడు, మోటారుకు విశ్రాంతి పోయింది. దానికి దిక్సూచి, రిమోటు, తిప్పే గేరు, బోర్డు అన్నీ కావాలి. వరసలో ఏ ఒక్కటి ఆగినా పని ఆగేచోట లెక్క కఠినంగా ఉంటుంది. ఒక్కోటి నూటికి 99 పాళ్లు నమ్మదగినదే అయినా అలాంటివి పది ఉంటే మొత్తం 90కి దిగుతుంది, ఇరవై ఉంటే 82కి.

మా పడవ ఎలాగో ఒడ్డు చేరింది. మోటారు పైకెత్తి, స్పానరుతో నట్టు విప్పి, పంకా లాగి అడ్డపిన్ను తీశాం. కొత్త మోటారుతో వచ్చే పుస్తకంలో వాడిన ప్రతిసారీ పంకా దగ్గర దారం చూడమని రాసే ఉంటుంది. మావాడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు, పుస్తకం రాలేదు. ఇరుసు మీద దారం గట్టి ఉండలా బిగుసుకుని ఉంది. చాకు మొనతో కోస్తూ విప్పితే రెండు గజాలకు పైగా వచ్చింది. దాని కింద సీలు పెదవి ఒకచోట నోరు తెరిచింది. మోటారును తలకిందులు చేస్తే తుప్పురంగు నీళ్లు ఓ చెంచాడు కారాయి.

"నా గాలం ఎప్పుడూ చిక్కుపడలేదు మామయ్యా, ఒట్టు" అన్నాడు వాడు. విప్పిన దారాన్ని వెలుతురుకు పట్టి చూశాను. వాడి రీలు మీద ఉన్నది ఆకుపచ్చ అల్లిక దారం. నా చేతిలో ఉన్నది తెల్లగా మెరిసే నైలాన్. ఆ చెరువులో ఎప్పుడో ఎవరో తెంపుకుని వదిలేసింది.